ఎవరికీ అమ్మని ఐదు టైర్లు

ఆ మనిషి కంటపడకముందే ఆయన గొంతు నా చెవిన పడింది. గాలి పోయిన స్కూటరును తోసుకుంటూ, మిట్టమధ్యాహ్నం కాకముందే మండిపోతున్న ఎండలో నడిచి వస్తున్నాను. టైర్ల షాపు ఇంకా నాలుగు కొట్ల అవతల ఉందనగా, "ఇది టైరా? ఇది టైరేనా అని అడుగుతున్నా! వీటి మీద గుర్రాన్ని తీసుకెళ్తావా? దానికంటే ఇక్కడే ఏదో గోతిలోకి తోసెయ్యి, పెట్రోలైనా మిగులుతుంది!" అన్న కేకలు రోడ్డు మీదికి ఎదురొచ్చాయి.

టీకొట్టాయన నా వెనక చక్రం వంక చూసి, "చిటపట దగ్గరికేనా పెద్దాయనా? వెళ్ళండి. పని బంగారం. చెవుల్లో దూది పెట్టుకుని మరీ వెళ్ళండి" అన్నాడు.

అసలు పేరేదో కాగితాల మీద ఉండే ఉంటుంది. ఆ వీధిలో దాన్ని వాడినవాళ్ళు లేరు. కాలిన పెనం మీద నీళ్ళు చిలకరిస్తే ఎలా ఉంటుందో అలాంటి మనిషి కాబట్టి చిటపట. అరవై దాటిన వయసు, పొట్టి ఒళ్ళు, ఆ ఒంటికి నప్పనంత లావు ముంజేతులు. కళ్ళజోడు జారిపోకుండా సైకిల్ ట్యూబులోంచి కోసిన రబ్బరు పట్టీ తల చుట్టూ బిగించుకున్నాడు. షాపంటే రేకుల షెడ్డు, దాని వెనక ఒక చీకటి గది. గోడ మీద బ్రష్షుతో రాసిన అక్షరాలు: "ఆరేళ్ళు దాటిన టైరు ఇక్కడ ఎక్కించబడదు. బతిమాలవద్దు." గాలి పట్టే కంప్రెసర్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఆయన భార్య కూర్చుని ఉంది. అంత గోలలోనూ ఆవిడ చిక్కుడుకాయలు ఒలుచుకుంటోంది.

నేను చాలా ఊళ్ళు తిరిగాను. కోపిష్టివాళ్ళను రెండు రకాలుగా చూశాను. తమకు అవమానం జరిగిందని మండిపడేవాళ్ళు ఒక రకం, వీళ్ళు ప్రతి వీధికీ నలుగురు దొరుకుతారు. పని చెడిందని మండిపడేవాళ్ళు రెండో రకం. వీళ్ళను వెతుక్కోవాలి. దొరికినా భరించడం కష్టం. రసాలన్నిటిలోకీ రౌద్రానికి ఎర్ర రంగు పూసిన పాతకాలపు పండితులు ఈ రెండో రకాన్ని చూసి ఉండరు. ఇది ఎరుపు కాదు, నలుపు. టైరు కాలితే వచ్చే పొగ రంగు.

షాపు ముందు జీపుకు తగిలించిన నీలంరంగు ఖాళీ ట్రైలరు నిలబడి ఉంది. రెండు గుర్రాలు పక్కపక్కన పట్టేంతది, అటు రెండు ఇటు రెండు నాలుగు చక్రాలు. దాని పక్కన యాభై ఏళ్ళ ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఊరి చివర పిల్లలకు గుర్రపుస్వారీ నేర్పుతుందట, అందరూ టీచరమ్మ అంటారు. జీపులోంచి దించిన నాలుగు కారు టైర్ల పక్కన, చేతిలో ఫోనుతో, ఇస్త్రీ చొక్కాలో ఉన్నవాడు ఆవిడ అల్లుడు.

"మావయ్యగారూ, కొంచెం నెమ్మదిగా..." అన్నాడు అల్లుడు.

"నీకు నేను మావయ్యనెప్పుడయ్యానయ్యా? నాకు ఆడపిల్లలు లేరు. ఉన్నా నీకిచ్చేవాణ్ణి కాదు."

టీచరమ్మ దగ్గొచ్చినట్టు మొహం పక్కకు తిప్పుకుంది. అల్లుణ్ణి ఆవిడ ఒక్క మాట అనలేదు, అనకూడదు. తన బదులు ఇంకొకరు అంటుంటే మాత్రం ఆపే తొందరేమీ కనిపించలేదు.

"సైజు సరిపోయింది కదండీ. రిమ్ముకి కరెక్టుగా కూర్చుంటాయి. వీడియోలో కూడా అలాగే చెప్పాడు."

"వీడియోలో వాడొచ్చి తోలతాడా బండి?" చిటపట ఒక టైరును ఎత్తి అల్లుడి పొట్టకు ఆనించాడు. చొక్కా మీద నల్లటి వలయం పడింది. "బొటనవేలుతో ఈ టైరు చెంప నొక్కు. నొక్కవయ్యా! పోయిందా లోపలికి? కారులో మనుషులు కుదురుగా కూర్చుంటారు. వాళ్ళకి ఈ మెత్తదనం సుఖం. గుర్రం కూర్చోదు, నిలబడుతుంది. అయిదు వందల కిలోలు నాలుగు కాళ్ళ మీద నిలబడి, ఈగ వాలితే అటు ఒరుగుతుంది, లారీవాడు హారన్ కొడితే ఇటు ఒరుగుతుంది. అది ఒరిగినప్పుడల్లా ఈ చెంప నలుగుతుంది. టైరు నలిగితే ట్రైలరు ఊగుతుంది, అది ఊగితే నీ జీపు తోకాడిస్తుంది. ట్రైలరు టైరు చెంప నీ బుగ్గలా ఉండకూడదు, నా మడమలా ఉండాలి!"

"సరే, అయితే పాతవే ఉంచేద్దాం." అల్లుడు ట్రైలరు చక్రాలను చూపించాడు. "మీరే చూడండి. ఎక్కడైనా అరిగాయా? నేలకానే బటన్లు కొత్తవాటిలాగే ఉన్నాయి."

చిటపట నవ్వాడు. ఆ నవ్వు తిట్లకంటే ఘోరంగా ఉంది.

"షెడ్డులో పడుకున్న టైరు ఎలా అరుగుతుందయ్యా? టీచరమ్మా, ఇలా రండి. వంగండి. ఇక్కడ వేలు పెట్టి చూడండి."

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుంది. టైరు చెంప మీద, ఎండిన చెరువు అడుగులా, సన్నటి పగుళ్ళు. వాటి మధ్య చిన్న గుడ్డులాంటి గీతలో నాలుగు అంకెలు.

"ముందు రెండూ ఏడాదిలో ఎన్నో వారమో, వెనక రెండూ ఏ ఏడాదో. టైరు పుట్టిన తేదీ అది. మనిషి అబద్ధం చెప్తాడు, బటను అబద్ధం చెప్తుంది, ఈ నాలుగంకెలు చెప్పవు. లెక్కపెట్టండి."

టీచరమ్మ వేళ్ళు ముడుచుకుంటూ పోయింది. రెండు చేతుల వేళ్ళూ అయిపోయాయి.

"పదేళ్ళు."

"కారు టైరు తిరిగి తిరిగి అరిగి చస్తుంది. ట్రైలరు టైరు నిలబడి చస్తుంది. చచ్చినట్టు పైకి కనిపించదు, అదీ దాంతో వచ్చిన చావు."

ఇక్కడ నా సొంత కోపం ఒకటి చెప్పుకోవాలి. ఏళ్ళ క్రితం ఒక పెద్ద రోడ్డు మీద బోల్తాపడిన గుర్రాల ట్రైలరును చూశాను. ఒక చక్రానికి ఒట్టి ఇనప రిమ్ము మాత్రమే మిగిలి ఉంది. లోపల ఏముందో రాయను. మర్నాడు పత్రికలో "టైరు పేలి ప్రమాదం" అని రెండు వరుసలు వేశారు. ఆ టైరేదో పొద్దున్నే లేచి, కాఫీ తాగి, ఇవాళ పేలిపోదామని తీర్మానించుకున్నట్టు! దాన్ని ఎంచినవాడు, ఎక్కించినవాడు, గాలి చూడనివాడు ఆ రెండు వరుసల్లో ఎక్కడా లేరు. తప్పును వస్తువు మీదికి నెట్టడంలో మన భాష ఎంత ఉదారంగా సహకరిస్తుందో ఆ రోజు తెలిసింది. అందుకే ఆ అరుపులు వింటుంటే నా పంచరు సంగతి మర్చిపోయి, నీడన పడేసిన లారీ టైరు మీద కూర్చుండిపోయాను.

"ఉపన్యాసం అయిందా?" టీచరమ్మ లేచింది. ఇప్పుడు గొంతు పెంచడం ఆవిడ వంతు. "నా గుర్రం దొరసానికి కుడి కంట్లో పుండు. రేపు పొద్దున తొమ్మిదింటికి ఆపరేషన్. ఆసుపత్రి ఇక్కడికి రెండొందల కిలోమీటర్లు. ఆ డాక్టరు రేపు చేసి వెళ్ళిపోతే మళ్ళీ నెలకి గానీ రాడు. అప్పటిదాకా ఆగితే కన్ను తీసెయ్యడమేనట. వెలుతురు ఉండగానే దాన్ని చేర్చాలి, చీకట్లో ఎదుటి లైట్లు పడితే తల గోడకేసి కొట్టుకుంటోంది. అంటే రెండింటికల్లా బయల్దేరాలి. ఇప్పుడు పదకొండు. ఏది వద్దో చెప్పారు. ఏది కావాలో చెప్పండి!"

 అప్పుడు చిటపట ముఖంలోకి వచ్చినదాన్ని గర్వమనే అనాలి.

"ఉన్నాయి. నా దగ్గరే ఉన్నాయి. ఐదు, స్టెప్నీతో సహా."

వెనక గదిలోకి నడిచాడు. మేమంతా వెంట వెళ్ళాం. కిటికీ లేని గది. మూలన చెక్కబల్ల మీద, నల్లగుడ్డ చుట్టి, ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టిన ఐదు టైర్లు. ఎండ తగలకుండా, నేల తేమ అంటకుండా.

"ఇటుకల ట్రాలీవాడు అడిగాడు, పొమ్మన్నా. పడవల ట్రైలరాయన మూడుసార్లు తిరిగాడు. కోళ్ళవాడు కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. ఒక గుర్రాలాయన కూడా వచ్చాడు. ఆ గుర్రం వీపు మీద వాతలు చూసి, నీకు టైర్లు కాదు, తన్నులు కావాలని పంపించేశా. సరైన బండికి, సరైన మనిషికి తప్ప ఇవ్వకూడదని పెట్టుకున్నవి ఇవి." గుడ్డ విప్పాడు. కొత్త రబ్బరు వాసన, అంటించిన కాగితాలు కూడా చెదరలేదు. "నొక్కండి. రాయి. నొక్కండి!"

టీచరమ్మ నొక్కలేదు. ఇందాక నేర్చుకున్న పని చేసింది. వంగి, ఫోను లైటు వేసి, నాలుగంకెల కోసం వెతికింది. వేళ్ళు ముడవడం మొదలెట్టింది. ఒక చెయ్యి అయిపోయింది. రెండో చేతికి వెళ్ళింది.

"ఎనిమిదేళ్ళు" అంది.

"కాదు."

"మీరే చూడండి."

చిటపట కళ్ళజోడు సర్దుకుని చూశాడు. రెండోదాన్ని తిప్పి చూశాడు, మూడోదాన్ని చూశాడు. చిక్కుడుకాయల గిన్నెతో గుమ్మంలో నిలబడిన భార్య వంక చూశాడు. 

ఎవరూ అడక్కుండానే మాట్లాడటం మొదలుపెట్టాడు. "ఎండ తగల్లేదు వీటికి. ఒక్క రోజు బరువు మొయ్యలేదు. పగుళ్ళు లేవు. ఒక్క ప్రయాణమే కదా, వెళ్ళి రావడమే కదా... చూడండి, బటన్లు కొత్తవాటిలాగే..."

ఆగిపోయాడు. ఎవరి మాట తన నోట్లోంచి వస్తోందో తెలిసినట్టుంది.

అల్లుడు ఆ అవకాశాన్ని వదులుకునే రకం కాదు. "చెప్పండి మావయ్యగారూ. బటన్లు?"

ఆ క్షణాన అల్లుడి తల పగులుతుందనుకున్నాను. చిటపట అల్లుడి వైపు తిరగలేదు. గోడకున్న కత్తి తీశాడు. మొదటి టైరు చెంపలో దించి, పళ్ళ బిగువున లాగాడు. ఒక్కో కోతకు ఒక్కో తిట్టు. "ఒరే వెధవా! ఒరే పొగరుబోతు వెధవా! గోడ మీద రాశావు కదరా, నీ కళ్ళకే కనపడలేదా!" ఐదు టైర్లూ అయ్యాకే కత్తి కింద పడేశాడు.

"కోసేస్తే?" టీచరమ్మ అరిచింది. "కోసేస్తే అయిపోయిందా? ఎనిమిదేళ్ళు ఎవరి కోసం దాచారండీ వీటిని? సరైనవాళ్ళు, సరైనవాళ్ళు అని అందర్నీ తరిమేసి, మేం వచ్చేసరికి శవాలు చూపిస్తారా? ఆ పడవలాయనకి ఇచ్చుంటే ఆయన వాడుకునేవాడు, మీరు కొత్తవి తెచ్చుకునేవాళ్ళు, ఇవాళ అవి నాకు ఉండేవి! మీ పట్టుదలకి నా గుర్రం కన్ను పోవాలా?"

  గిన్నె కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని చిటపట భార్య అంది:

"మరిదిగారి దగ్గర ఉన్నాయి. సరిగ్గా ఈ సైజే. పోయిన నెల వచ్చాయి."

"వాడి దగ్గరేం ఉన్నాయో నీకెలా తెలుసు?"

"తోటికోడలు చెప్పింది."

"దాంతో నువ్వు మాట్లాడుతున్నావా?"

"పదకొండేళ్ళుగా, రోజూ. మీరు మానేశారని మేమెందుకు మానేస్తాం? నోరు మాకూ ఉంది."

ఆ తమ్ముడి షాపు అదే రోడ్డులో మూడు వందల అడుగుల దూరంలో ఉంది. ఒకప్పుడు ఇద్దరూ ఈ షెడ్డులోనే కలిసి పనిచేశారు. అన్న ముందు గుమ్మంలోంచి తరిమేసిన మనిషికి తమ్ముడు వెనక గుమ్మంలోంచి టైర్లు ఇచ్చాడు. అది చూసి అన్న వీల్ పానా తీసి మురిక్కాలవలోకి విసిరాడు. అంతే, అక్కడితో మాటలు ఆగిపోయాయి. ఇన్నేళ్ళూ ఆ రోడ్డు మీద అటు వెళ్ళాల్సి వస్తే చిటపట వెనక సందు చుట్టి వెళ్ళేవాడట. తమ్ముడు పనికిమాలినవాడని, గాడిదకూ గుర్రానికీ ఒకటే టైరు అంటగడతాడని కనపడినవాడికల్లా చెప్పేవాడు. ఎవరికి కావలసింది వాళ్ళకు ఇచ్చేస్తాడు కాబట్టే తమ్ముడి సరుకు ఎప్పుడూ తాజాగా ఉంటుందని మాత్రం ఆయనకు తట్టలేదు.

ఇప్పుడు చిటపట ఇంకో పానా పట్టుకుని రోడ్డెక్కాడు. ఎందుకు పట్టుకున్నాడో ఆయనకే తెలియదు. వెనక నేను, టీచరమ్మ, అల్లుడు. దారి పొడుగునా కొట్లవాళ్ళు బయటికొచ్చి నిలబడ్డారు.

తమ్ముడు అన్నకంటే లావు. అన్నను చూసి లేవలేదు. "చెప్పండి సార్. ఏం కావాలి?"

"సారేంట్రా, సారు!"

"పదకొండేళ్ళకి వచ్చిన గిరాకీ. సార్ అనకపోతే ఏమనాలి?"

"గుర్రాల ట్రైలరుకి ఐదు టైర్లు కావాలి. తీయ్."

"అలా తీసేస్తే ఎలా సార్?" తమ్ముడు కాలు మీద కాలు వేసుకున్నాడు. "ముందు నేనడిగేవాటికి జవాబు చెప్పాలి. ఇరుసులు ఎన్ని? గుర్రం బరువెంత? ఎంత దూరం? తోలేది ఎవరు? వాడి మొహం ఎలాంటిది? సరైనవాళ్ళని తేలితేనే ఇస్తాం. మా అన్నయ్య దగ్గర నేర్చుకున్న పద్ధతి."

నాకు నవ్వు ఆగలేదు. చిటపట మెడ మీద నరం లేచింది. పానా ఉన్న చెయ్యి కూడా లేచింది. టీచరమ్మ "రెండింటికి" అని మాత్రం అంది, చాలా మెల్లగా.

చెయ్యి దిగింది. పళ్ళు నూరుతూ, బడిపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు, ఒక్కొక్కటీ చెప్పాడు. "రెండు ఇరుసులు. గుర్రం అయిదు వందలు, బండి వెయ్యి. రెండొందల కిలోమీటర్లు. తోలేది ఈవిడ. గుర్రానికి కంట్లో పుండు. ఇంకేం కావాల్రా నీకు, నా జాతకమా?"

"ఇంకొక్కటి. మా ఆవిడ చెప్పింది, నీ దగ్గరుండాలి కదా ఐదు, నల్లగుడ్డ కప్పినవి? ఏమయ్యాయి?"

"కోసేశాను."

"ఎందుకు?"

"ముసలివైపోయాయి."

తమ్ముడి మొహంలో వెక్కిరింపు ఎక్కడికి పోయిందో పోయింది. లేచి, లోపలికి వెళ్ళి, మొదటి టైరును దొర్లిస్తూ తెచ్చాడు. చిటపట అక్కడే రోడ్డు మీద గొంతుక్కూచుని నాలుగంకెలూ చదివాడు. ఐదింటివీ చదివాడు. పుట్టి నాలుగు నెలలు. చెంప నొక్కాడు. మడమ.

"కడిగి పెట్టుకోవచ్చుగా దరిద్రుడా, ఇంత దుమ్మా!" అన్నాడు.

అన్నదమ్ములిద్దరూ నడిరోడ్డు మీద టైర్లు దొర్లించుకుంటూ వచ్చారు. ఒంటిగంట దాటేసరికి నాలుగు చక్రాలూ ఎక్కాయి, ఐదోది స్టెప్నీ స్థానంలో బిగిసింది. టైరు మీద అచ్చువేసి ఉన్నంత గాలీ పట్టించారు, చల్లగా ఉన్నప్పుడే, ఒక్కొక్కటీ రెండుసార్లు గేజు పెట్టి. ఆ గంటన్నరలో వాళ్ళు ఒకరినొకరు తిట్టుకోని నిమిషం లేదు. పదకొండేళ్ళ బాకీ తీర్చుకున్నారు.

గుర్రం ఎక్కకముందు దాని చోట తాను నిలబడి ఒక చుట్టు తిరిగి రావడం చిటపట అలవాటు. వెనక తలుపు తెరిచి ఎడమ గదిలోకి ఎక్కాడు. తమ్ముడు కుడివైపు గదిలోకి ఎక్కబోయాడు.

"నువ్వెందుకురా?"

"నీ ఒంటి బరువుకి ఏం తెలుస్తుంది? మనిద్దరం కలిసినా దొరసానిలో మూడో వంతు లేం."

టీచరమ్మ జీపు కదిపింది. లోపల్నుంచి, "తొక్కరా! గుర్రంలా తొక్కమంటే కోడిలా తొక్కుతావేం?" "నువ్వు ఒరుగు ముందు! ఇటు కాదు, అటు!" అని కేకలు. ఇద్దరు అరవయ్యేళ్ళవాళ్ళు రేకు గోడలను తన్నుతూ కూడలిదాకా వెళ్ళి వచ్చారు. ట్రైలరు గీత గీసినట్టు వచ్చి ఆగింది. దిగి, చిటపట నాలుగు టైర్ల మీదా అరచెయ్యి ఆనించి చూశాడు.

"యాభై కిలోమీటర్లకోసారి దిగి ఇలా చూడాలి. ఏదైనా ఒకటి మిగతావాటికంటే వేడెక్కిందంటే ఆపెయ్యాలి. తెలిసిందా? పో ఇంక, గుర్రాన్ని ఎక్కించుకో! నిలబడి చూస్తావేం!"

ఆవిడ దండం పెట్టబోతే వీపు తిప్పేశాడు.

నా స్కూటరు టైరుకు ఆయన పంచరు వెయ్యనన్నాడు. తొమ్మిదేళ్ళదట. తమ్ముడి దగ్గర ఆ సైజు మర్నాటికి గానీ రాదన్నారు, అందుకని ఆ ఊళ్ళోనే ఉండిపోయాను. మర్నాడు పదకొండింటికి షాపులో ఉండగా ఫోను మోగింది. భార్య స్పీకరు నొక్కి పెట్టింది.

"కన్ను నిలిచిందండీ" అంది టీచరమ్మ. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "కొంచెం మసక ఉంటుందట. కానీ నిలిచింది."

"కన్ను సంగతి డాక్టరు చూసుకుంటాడు! దిగి చెయ్యి పెట్టి చూశావా లేదా?"

"నాలుగుసార్లు చూశాను."

"ఎడమ వెనకది?"

"అన్నీ ఒక్కలాగే ఉన్నాయండీ."

"తిరిగొచ్చేటప్పుడు గాలి చూసుకోకుండా బయల్దేరావంటే నా గుమ్మం ఎక్కొద్దు!" ఫోను పెట్టేశాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, మసి చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. మొహమంతా నల్లబడింది.

నా టైరు తీసుకుని అప్పుడే వచ్చిన తమ్ముడు, గోడ మీది రాత కింద కుప్పగా పడి ఉన్న కోసిన టైర్లను చూసి, "వీటిని నా బండిలో వేసుకుని పారేసి రానా అన్నయ్యా?" అన్నాడు.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తా! అక్కడే ఉండనీ. పొద్దున్నే షట్టరు ఎత్తగానే అవే కనపడాలి నాకు."

"ఉండనివ్వండి మరిదిగారూ" అంది భార్య కంప్రెసరు స్విచ్చి వేస్తూ. "మీతో మాటలు కలిశాయి కదా, ఇంక ఆయన తిట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి."